పట్టు పేరున్న చెట్టు

ఏ చెట్టును కొట్టేయమని పోట్లాటకు వెళ్లానో, ఆ చెట్టు కిందే చేతులు కట్టుకొని ఆకు అడుక్కోవలసి వచ్చింది నాకు. అది మా మేనత్త పంట కోసం. సంగతి మొదటి నుంచీ చెబుతాను.

తొంభైల చివర పెనుకొండలో మేము అద్దెకు దిగిన ఇంటికీ పక్కింటికీ మధ్య భుజమెత్తు గోడ ఒకటే ఉండేది. అవతలి పెరట్లోని చెట్టు సగం కొమ్మలు మా వైపే వాల్చుకొని ఉండేది. నేనక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచర్ని. ఒక ఎండాకాలం ఆదివారం పెట్టెలోని చీరలు గాలికి ఆరేసి వంటింట్లోకి పోయాను. తిరిగి వచ్చి చూస్తే నా పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర మీద, గంధం రంగు చీర మీద, ఊదా మరకలు. పైనుంచి పండ్లు ఇంకా రాలుతూనే ఉన్నాయి. నాకు కోపం వస్తే ముందూ వెనకా చూసుకునే అలవాటు లేదు. చీర అట్లాగే చేత్తో పట్టుకొని పక్కింటి గేటు తోసుకొని పోయాను.

పక్కింటాయన రిటైరైన బోటనీ లెక్చరర్. పెళ్లి చేసుకోలేదు. ఊరంతా ఆయన్ని సారు అనే పిలిచేది. వసారాలో కుర్చీ, కుర్చీ చుట్టూ పుస్తకాలు, చేతిలో నశ్యం డబ్బీ. "సార్, ఈ చెట్టు కొట్టించేయండి. కుదరకపోతే మా పక్క కొమ్మలన్నా కొట్టించండి" అన్నాను. ఆయన చీర అందుకొని మరక చూడకుండా అంచు తిప్పి చూశాడు.

"మా వీధి నేత ఇది. ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం ఉండేది తల్లీ" అన్నాడు. "ఈ చీర ఈ చెట్టు బిడ్డే గదా. తన బిడ్డ మీద తానే రాల్చుకునింది, మనం ఏమంటాం?"

నాకు ఒళ్లు మండింది. ఆయనేమో నిదానంగా లేచి పోయి, పచ్చి కాయలు నాలుగు కోసుకొచ్చి, నలిపి ఆ రసంతో మరకల మీద అద్దడం మొదలుపెట్టాడు. ఇదెక్కడి చోద్యం అనుకున్నాను. చూస్తుండగానే మరక పలచబడింది. పండు పెట్టిన మరకను అదే చెట్టు పచ్చికాయ తీస్తుందట. పూర్తిగా పోలేదు గానీ కట్టుకోవడానికి పనికొచ్చింది. అప్పుడు అడిగాను అది ఏం చెట్టని.

"మల్బరీ" అన్నాడాయన. నేను నవ్వేశాను. మల్బరీ నాకు తెలియకపోవడమేమిటి? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మా ఇండ్లలో పట్టుపురుగుల పెంపకమే. నడుమెత్తు మొక్కలు, సాళ్లుగా, ఏడాదికి నాలుగైదు కోతలు. ఇంటి కప్పు దాటిన మానును చూపించి మల్బరీ అంటే నమ్మేదెట్లా? ఆకు తెంచి చూశాను. నరాలు అవే, గరుకు అదే.

"హిందూపురం దోవలో ఒక తోటలో కోసి పడేసిన పుల్ల తెచ్చి నాటినాను, ఇరవై ఏళ్లయింది" అన్నాడు సారు. "రష్యన్ డిక్షనరీలో దీన్ని చెట్టు అని రాసినారు. ఈడేమో ఎవర్ని అడిగినా మొక్క అంటారు. ఎవరిది నిజమో చూద్దామని కత్తి పెట్టకుండా వదిలేసినా."

ఆయన రష్యన్ నేర్చుకున్నది ఒక్కడే కూర్చొని. వయసులో ఉన్నప్పుడు ఆ దేశం పుస్తకాలు చవగ్గా దొరికేవట, రేడియోలో పాఠాలూ వచ్చేవట. తొంభైల్లో ఆ దేశమే ముక్కలై పుస్తకాలు రావడం ఆగిపోయింది. ఈయన మాత్రం ఆగలేదు. బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద వెతికి బల్గేరియన్, పోలిష్, సెర్బియన్ డిక్షనరీలు అట్టలు ఊడినవి కొనుక్కొచ్చాడు. మాట్లాడటానికి ఆ భాషల మనిషి ఒక్కడూ ఎదురుపడలేదు. అయినా రోజూ పొద్దున రెండు గంటలు వాటితోనే. ఆ వయసులో అంత ఓపిక నేనెక్కడా చూడలేదు.

మల్బరీకి రష్యన్లో పేరు షెల్కోవిత్స. షోల్క్ అంటే పట్టు. ఉక్రెయిన్లో కూడా పట్టు మాటలోంచే షొవ్‌కోవిత్స అన్నారు. బల్గేరియాలో చెర్నిత్స, నల్లది అని. పోలండు వాళ్లు లాటిన్ పుస్తకాల్లోంచి తీసుకొని మోర్వా అన్నారు. సెర్బియాలో దుద్. ఇది టర్కీ తురకల దగ్గర నుంచి వచ్చిన మాట. వసారాలో నిలబెట్టి ఇవన్నీ చెబుతుంటే మొదట్లో నాకు విసుగు. "సార్, నా చీర మీద పడింది కూడా నల్లదే, బల్గేరియా వాళ్లకే నా ఓటు" అని ఎగతాళి చేసేదాన్ని. ఆయన నొచ్చుకోకపోగా ఇంకా ఉత్సాహంగా చెప్పేవాడు.

"చూడమ్మా, ఈ చెట్టు వాళ్ల నేలది కాదు. వాళ్ల తాతలకు దీని పేరు తెలీదు. కొందరికి పట్టుతో పాటు వచ్చింది, పట్టు పేరుతో పిలిచినారు. కొందరికి తురకలు తెచ్చిచ్చినారు, వాళ్ల మాటే నిలబెట్టుకున్నారు. పండు తిన్నోళ్లు రంగు చూసి పేరు పెట్టినారు. ఎవరికి దాంతో ఏం పనో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో, అదంతా పేరులోనే ఉండాది."

"మరి షోల్క్ ఎక్కడి నుంచి వచ్చింది సార్?"

"అది పండితులే తేల్చలేదు. తూర్పు నుంచి గుడ్డతో పాటు నడిచిపోయిందని కొందరంటారు. నాకు తెలీనిది నేను చెప్పను" అని ఆ పేర్లు రాసుకున్న నోట్సు మూసేశాడు. తెలియదని ఆయన చెప్పే పద్ధతి నాకు భలే నచ్చేది. మా బడిలో పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే నేను గదమాయించి కూర్చోబెట్టేదాన్ని. ఆ తర్వాత మానుకున్నాను.

ఒకసారి నేను హిందూపురం పోతుంటే ఆయన కూడా బయల్దేరాడు. అక్కడ పట్టుగూళ్ల మార్కెట్లో రైతులు జల్లెడల్లో గూళ్లు పోసుకొని వేలం కోసం కూర్చుని ఉంటారు. అందరూ ధర అడిగితే ఈయన పేరు అడిగాడు. "ఏమప్పా, దీని ఆకును మీ ఊర్లో ఏమంటారు?" కన్నడ సరిహద్దున ఉన్న అగళి నుంచి వచ్చిన రైతు హిప్పునేరళె అన్నాడు. కన్నడంలో నేరళె అంటే నేరేడు. సారు అది రాసుకొని, నేరేడుకు చుట్టం చేసినారన్నమాట అని మురిసిపోయాడు. బయట పండ్ల బండి దగ్గర ఒక ముసలి ముస్లిం ఆమెను అడిగితే షాతూత్ అనింది. సారు ఆ బండి దగ్గరే నిలబడిపోయాడు. రష్యాలో దీనికి తూతొవ్నిక్ అని రెండో పేరు ఉందట. ఆ తూతూ, సెర్బియా దుదూ, ఈ హిందూపురం తూతూ ఒకే మాటట. పర్షియా వైపు నుంచి ఒకే మాట అటు సగం ఇటు సగం నడిచి, ఒకటి ఆ దేశాల్లో ఒకటి ఈ బజార్లో ఆగింది. ఆయన కండ్లల్లో నీళ్లు చూసి ఆమె కంగారుపడి, ధర ఎక్కువ చెప్పినానా అయ్యా అని అడిగింది.

"తెలుగులో మనం ఏమంటాం సార్?" అన్నాను బస్సులో.

"పుస్తకాల్లో కంబళి చెట్టు అని ఉండాది. కంబళి పురుగులు పడతాయనో ఏమో, గట్టిగా తెలీదు. మీ ఇంట్లో ఏమంటారు?"

ఆలోచిస్తే మా ఇంట్లో దానికి పేరే లేదు. ఆకు అంటాం, అంతే. ఆకు తెచ్చినావా, ఆకు చాలుతుందా, ఆకు వాడింది. తోట ఆకుతోట. ఆ మాట చెబితే సారు అది కూడా రాసుకున్నాడు.

అన్నీ తెలిసిన ఆ మనిషి చూడని సంగతి ఒకటి ఉండేది. పురుగు దారం తీయడం ఆయన చూడలేదు. చిన్నప్పుడు ధర్మవరంలో మగ్గం గుంట పక్కన కూర్చొని దారం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే వాళ్ల నాయన హిందూపురం నుంచి అని చెప్పేవాడట. పెద్దయ్యాక ఎన్ని పల్లెల్లో అడిగినా పురుగుల షెడ్డులోకి ఎవరూ రానివ్వలేదు. మా వైపు అది కట్టుబాటు. పురుగులు మేస్తున్నన్నాళ్లు పరాయి మనిషి గడప తొక్కకూడదు. దిష్టి అంటారు, జబ్బులు వస్తాయంటారు, రెండూ కలిపి భయపడతారు. పైగా సారుది నశ్యం అలవాటు. పొగాకు గాలి సోకితే పట్టుపురుగు ఒంకర్లు తిరిగి చస్తుంది. ఆ విషయం తెలిసిన ఏ రైతూ ఆయన్ని దరిదాపులకు రానివ్వడు. "ఈ తూరి కాదులే సార్" అని మర్యాదగానే తప్పించుకునేవాళ్లు. మా అత్త కూడా అంతే.

మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, పెనుకొండకు దగ్గరి పల్లెలో ఉండేది. అక్షరం ముక్క రాదు. పురుగు నడక చూసి దానికి ఆకలో, నిద్రో, జబ్బో చెప్పగలదు. వాళ్లింట్లో పురుగు అనడానికి వీల్లేదు, పిల్లోల్లు అనాల. చెట్టంత మల్బరీ ఉందని నేను చెబితే, "పో పాపా, నీ సారుకు కండ్లు కనపడవా, నీకు కనపడవా" అని నవ్వింది.

రెండువేలు దాటాక వచ్చిన కరువుల్లో మా మామ పోయాడు. పొలం అన్నదమ్ములు పంచుకోని ఉమ్మడి పొలం. అత్త మరిది చెడ్డవాడు కాదు, కానీ తాననుకున్నదే సరి అనే మనిషి. కర్మలు ముగిసిన మర్నాడే వచ్చి కూర్చున్నాడు.

"ఆడమనిషివి ఒక్కదానివే పిల్లోల్లను మేపేది యాడన్నా ఉండాదా వదినా? తోట దున్నేసి సెనక్కాయ ఏస్తా. నువ్వు మా ఇంట్లో ఇంత తిని ఉండు."

"ఒక్క పంట చూడప్పా" అంది అత్త. "పంట దిగితే తోట నా చేతిలో ఉండనీ. పోతే నువ్వు చెప్పినట్లే కానీ."

సరేనన్నాడు. పోతే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. పాతికేళ్లు తన చేత్తో పెంచిన తోట పోతుంది. షెడ్డు వేరుశెనగ కట్టె పెట్టుకునే కొట్టం అవుతుంది. అత్త ఇంకొకరి వంటింట్లో ఒక పక్కన కూర్చునే మనిషి అవుతుంది. ఆమెకు అన్నం కరువు కాదు. తన పని తనకు లేకుండా పోవడమే ఆమె భయం.

యాభై గుడ్లు తెచ్చింది, అంటే యాభై తల్లులు పెట్టిన గుడ్లు. పిల్లోల్లు బాగా లేచినాయి. నాలుగోసారి నిద్ర లేచి, అంటే కుబుసం విడిచి, చివరి మేతలో పడ్డాయి. అప్పుడవి మేసే చప్పుడు వాన పడినట్టు ఉంటుంది. ఆ ఏడు మేము విన్న వాన అదొక్కటే. సరిగ్గా అప్పుడే బోరు ఎండి గాలి ఊదింది. తోటలో ఆకు ఎండి గలగలలాడింది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి ఆకు వాళ్లకే చాలడం లేదు. నేను శనివారం సాయంత్రం పోయేసరికి పురుగులు తట్టల అంచుల మీదికి ఎక్కి తలలు పైకెత్తి వెతుకుతున్నాయి. అత్త ఏడవడం లేదు. తట్ట తట్టకూ పోయి వాటిని మళ్లీ మధ్యలోకి జరుపుతోంది.

"ఒకటిన్నర దినం మేత పాపా" అంది. "అంతే కావాల్సింది. ఇంత దూరం తెచ్చి ఈడ చంపుకోవాల్సి వచ్చె."

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు పెనుకొండ వచ్చి ఇంట్లోకి పోకుండా నేరుగా సారు గేటు దగ్గర నిలబడ్డాను. చీర పట్టుకొని పోట్లాడిన రోజు ఎన్ని మాటలు వచ్చాయో నాకు. ఆయన ప్రతి ఏడాదీ ఆ మాను చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకునేవాడు. కాకి గూడు పెడితే ఆ కొమ్మ కింద బట్ట కూడా ఆరేసేవాడు కాదు. నాటిన నాటి నుంచి దాని మీద కత్తి పడలేదు.

"సార్, మా అత్త పురుగులకు ఆకు లేదు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, చెట్టును చూశాడు. "ఎంత కావాల?"

"ఒకటిన్నర రోజు మేత."

"అంటే?"

"మొత్తం సార్."

ఆయన పోయి మాను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. ఆయన లోపలికి పోయి టేపూ నోట్సూ తెచ్చి, మాను కొలిచి, అంకె రాసి పెట్టుకున్నాడు. నశ్యం డబ్బీ తీసి కిటికీలో పెట్టి, సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాడు. "మీ ఆయన్ని పిలువు, కొడవలి తెమ్మను" అన్నాడు. అంత మంచి మనిషిని నేను నా జన్మలో చూడలేదు. ఈ మాట ఆయన బతికుండగా ఆయనకు చెప్పలేదని ఇప్పటికీ బాధగా ఉంది.

మా ఆయన కొమ్మలెక్కి కొడుతుంటే సారు మొదట గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఆయనే వచ్చి పడిన రెమ్మలు ఏరి మోపులు కట్టసాగాడు. మధ్యాహ్నానికి మాను మొండిదయింది.

"ఇంక ఇది బతకదు కదమ్మా" అన్నాడు.

ఆ కష్టంలోనూ నాకు నవ్వొచ్చింది. "సార్, దీన్ని మేం ఏడాదికి నాలుగైదు సార్లు నేల దాకా కోస్తాం. నరికితే చచ్చే జాతి అయితే మా జిల్లాలో ఒక్క మొక్క మిగిలేది కాదు. రెండు వారాలు ఆగండి, ప్రతి కోత దగ్గరా చిగురు వస్తుంది."

ఆయన నమ్మనట్టు చూశాడు. "క్లాసులో ముప్పై ఏళ్లు ఈ పాఠమే చెప్పినా. నా చెట్టు విషయంలో ఆ ఊహే రాలేదు" అన్నాడు సిగ్గుపడుతూ. పాతికేళ్లు ఆ ఆకు కోసిన మా అత్తకు అది చెట్టవుతుందని తెలియదు. ఎన్నో భాషల్లో దాని పేరు తెలిసిన ఈయనకు అది కోస్తే చావదని తెలియదు. ఇద్దరినీ తలచుకొని నాకు ముద్దొచ్చింది.

ఆటో నిండా మోపులు వేసుకొని వెళ్లాం. సారు కూడా వచ్చి డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్నాడు. అత్త మోపు దించకముందే ఆకు తుంచి వాసన చూసింది.

"నశ్యం సారు ముట్టినాడా?"

"సబ్బుతో కడుక్కున్నాడత్తా. పొద్దున్నుంచి డబ్బీ ముట్టలేదు."

ముందు ఒక్క తట్టలో పది పురుగులకు వేసి చూసింది. అవి తలలు వంచి మేశాయి. అప్పుడు మిగతా తట్టలకు వేసింది. సారు షెడ్డు బయట, రాతి బండ మీద కూర్చొని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు. లోపలికి రమ్మని అత్త పిలవలేదు, రానా అని ఆయన అడగలేదు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నేను కూడా బడికి సెలవు పెట్టి అక్కడే ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం పురుగులు మేత మానేశాయి. ఒళ్లు తేనె రంగుకు తిరిగి, వెలుతురుకు పట్టి చూస్తే లోపల అద్దంలా కనిపించాయి. పండినాయి అంటాం దాన్ని. అత్త వాటిని ఒక్కొక్కటే ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రికల మీద, అంటే వెదురు తడకల మీద వదిలింది. అన్నీ వదిలాక వాకిట్లోకి వచ్చింది.

"సార్, నీ డబ్బీ యాడుండాది?"

"ఇంట్లో కిటికీలో ఉండాదమ్మా. మూడు దినాలైంది దాని మొహం చూసి."

అత్త చెంబుతో నీళ్లిచ్చి కాళ్లూ చేతులూ కడిగించింది. ఉతికిన టవలు ఇచ్చింది. గడప దగ్గర సున్నం పొడి తొక్కించి లోపలికి పిలిచింది. సారు ఒక చంద్రిక ముందు గొంతుకూర్చున్నాడు. ఒక పురుగు తల అటూ ఇటూ ఊపుతోంది. ముందేమీ కనిపించదు. కండ్లు అలవాటు పడ్డాక దాని నోటి దగ్గర సన్నని పోగు మెరుస్తుంది. సారు దాచుకోకుండా ఏడ్చాడు.

"మా నాయన నలభై ఏండ్లు దీంతోనే నేసినాడు" అన్నాడు. "ఒక్క దినం కూడా ఇది చూడలేదు."

అత్త తడక మీద నుంచి జారిపోతున్న పురుగును ఎత్తి మళ్లీ పెట్టింది. అప్పుడే బయట ట్రాక్టరు వచ్చి ఆగిన చప్పుడైంది. మరిది తలుపు తట్టాడు.

"ఏమాయె వదినా పంట? తలుపు తీయి, చూస్తా."

అత్త తలుపు దాకా పోయింది గానీ గడియ తీయలేదు. మూడు రోజులుగా నిద్ర లేని గొంతు, అయినా ఎంత నిలకడగా ఉందో.

"గూడు కడ్తాండాయప్పా. తోట దున్నేది లేదు, ట్రాక్టరు ఇంటికి తోలుకో. గూళ్లు ఒలిచినాంక వచ్చి చూద్దువు. ఇప్పుడు పరాయోల్లు లోపలికి రాగూడదు."

కాసేపటికి ట్రాక్టరు తిరిగి వెళ్లిపోయింది. పరాయోల్లు అన్న మాట తనకే తగిలిందనుకొని సారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని మెల్లగా లేవబోయాడు.

"నువ్వు కూచో సార్" అంది అత్త.